1973 ప్రీమియర్ ప్రెసిడెంట్‌లో మారుతి ఈకో వ్యాను ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు పెట్టించవచ్చా?

ప్రెసిడెంట్73
మా నాన్నగారు 1973లో కొన్న ప్రీమియర్ ప్రెసిడెంట్ కారు మలక్‌పేటలో మా ఇంట్లో ఉంది. ఫియట్ 1100 డిలైట్ పేరు 1972లో ప్రెసిడెంట్‌గా, 1974లో మళ్ళీ పద్మినిగా మారింది కాబట్టి, చూసినవాళ్ళంతా దీన్ని పద్మిని అనే అంటారు. ఇంజిన్ అసలుదే, 1089 సీసీ. గేరు లీవరు స్టీరింగ్ పక్కన ఉంటుంది, నాలుగు గేర్లు. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఆర్‌సీ నా పేరుకు మార్పించుకుని నేనే నడుపుతున్నాను.

ఎండాకాలంలో చాదర్‌ఘాట్ నుంచి కోఠి చేరేలోపు రేడియేటర్ పొంగుతుంది. ఒకసారి ఇంజిన్ ఆపితే పెట్రోలు పంపు ఆడదు. నాన్నగారు చేసినట్టే పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగాలి. సూర్యాపేట దగ్గర మా ఊరికి నెలకోసారి వెళ్ళి రావాలి. 70 దాటితే ఇంజిన్ అరుస్తుంది, వెనక నీలం పొగ కనిపిస్తుంది. పోయినసారి చౌటుప్పల్ దగ్గర బండి ఆగిపోతే మా అమ్మ బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయింది.

ఒక వర్క్‌షాపువాళ్ళు పాత ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ తీసేసి మారుతి ఈకోవి పెడతామంటున్నారు. ఏసీ కూడా వస్తుందట. మొత్తం 2 లక్షలు అవుతుందని, ఆదివారం 20,000 అడ్వాన్సు ఇవ్వమని అడిగారు. బండిని అమ్మే ఉద్దేశం నాకు లేదు. అమ్మను కూర్చోబెట్టుకుని ఊరికి వెళ్ళి రావాలన్నదే నా కోరిక. ఇలా మార్పించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నల్లకుంట_ఫియట్
ఆదివారం అడ్వాన్సు ఇవ్వవద్దు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు లోపల వచ్చే ఒత్తిడి) ఎంతుందో ముందు కొలిపించి, ఆ అంకెలు ఇక్కడ రాయండి. రోగం ఏమిటో తెలియకుండా గుండె మార్చాలని చెప్పే వైద్యుడి దగ్గరికి మనం వెళ్ళం కదా.

అల్వాల్_అంబాసిడర్
పై మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఇంజిన్ మార్చడం తప్పేమీ కాదు, మార్చే ఇంజిన్‌ను ఎంచుకోవడంలోనే అంతా ఉంది. నా 1984 అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ తీసేసి, ఇసుజు 1817 సీసీ ఇంజిన్‌ను, దానితో వచ్చిన ఐదు గేర్ల బాక్సును పెట్టించాను. 1990లలో హిందూస్థాన్ మోటార్స్‌వారే ఆ ఇంజిన్‌తో అంబాసిడర్‌ను అమ్మారు కాబట్టి మౌంటింగ్‌లు, రేడియేటర్, గేరు లీవరు చోటు అన్నీ కంపెనీ బండిలో ఎలా ఉన్నాయో చూసి అలాగే అమర్చుకున్నాం. కొత్తగా కనిపెట్టవలసింది ఏదీ లేకపోయింది. తొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాను. శ్రీశైలం ఘాట్ రోడ్డును మూడో గేరులో ఎక్కుతుంది.

ప్రెసిడెంట్ విషయం అలా కాదు. ఈకో ఇంజిన్‌కీ ఆ బండికీ ఏ కంపెనీ పెళ్ళి చేయలేదు. ప్రతి బ్రాకెట్టూ మీ మెకానిక్ తన బుర్రతో చేయాలి.

ప్రెసిడెంట్73
ఈకో ఇంజిన్ నిలువుగా, అంటే బండి పొడవు వెంట ఉంటుందని, వెనక చక్రాలను నడుపుతుందని, అందుకే మన బండికి సరిగ్గా సరిపోతుందని వర్క్‌షాపువాళ్ళు అంటున్నారు. అది అబద్ధమా?

ఈకో_పద్మిని
అబద్ధం కాదు. నా 1987 పద్మినిలో సరిగ్గా అదే పని చేయించాను కాబట్టి వివరంగా రాస్తాను.

ఇప్పుడు వచ్చే చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి అవి మనకు పనికిరావు. నిలువు ఇంజిన్, వెనక చక్రాల నడక ఉన్న చిన్న పెట్రోలు బండ్లు వెతికితే ఓమ్ని, ఈకో, జిప్సీ మిగులుతాయి. ఈకో పాత జీ12బీ ఇంజిన్ 1196 సీసీ, 73 హార్స్‌పవర్. మన పాత ఇంజిన్ ఇచ్చేది 40 పైచిలుకు. కాగితం మీద ఇది చక్కటి సంబంధమే.

కష్టాలు బిగించడం మొదలుపెట్టాక తెలుస్తాయి. ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కింద కూర్చుంటుంది. అక్కడికి తగినట్టు చేసిన ఇంజిన్‌ను తెచ్చి ముందు బానెట్ కింద పెడితే ఇంజిన్ ఆయిల్ ఉండే సంపు, అడుగున ఉన్న అడ్డ దూలానికి (క్రాస్ మెంబరు) తగలకుండా, పైన ఎయిర్ ఫిల్టరు బానెట్‌కు తగలకుండా, పక్కన సైలెన్సర్ మానిఫోల్డు స్టీరింగ్ బాక్సుకు తగలకుండా చూసుకోవాలి. ఒకదాన్ని తప్పిస్తే ఇంకొకటి తగులుతుంది. నా బండిలో ఇంజిన్‌ను పదకొండుసార్లు దింపి ఎక్కించారు.

ఆ తరువాత వణుకు మొదలైంది. అంతా బిగించి మొదటిసారి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. 60 వరకు వెన్నలా సాగింది. 65 దాటగానే లోపలి అద్దంలో వెనక బండి నంబరు చెదిరిపోవడం మొదలై, 70 దగ్గర అద్దంలో ఏమీ కనిపించలేదు. 80 దాటాక తగ్గింది. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టును రెండుసార్లు బ్యాలెన్స్ చేయించినా పోలేదు. చివరికి ఒక పెద్దాయన వచ్చి షాఫ్టు జోలికి పోకుండా, ఫోనులో లెవెల్ చూపించే యాప్ పెట్టుకుని బండి కింద దూరారు. గేర్‌బాక్సు వెనక భాగం 4 డిగ్రీలు కిందికి వంగి ఉంది, వెనక యాక్సిల్ మధ్య ఉండే డిఫరెన్షియల్ ముక్కు 1 డిగ్రీ మాత్రమే పైకి ఉంది. షాఫ్టుకు రెండు చివర్లా ఉండే జాయింట్లు ఒకే కోణంలో వంగితేనే ఒకటి పుట్టించిన కుదుపును రెండోది చంపుతుంది. కోణాలు తేడాగా ఉంటే షాఫ్టు ఎంత నిఖార్సుగా ఉన్నా వణుకు పోదు. వెనక కమాను పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు ఇనుప ముక్కలు పెట్టి, గేర్‌బాక్సు వెనక మౌంటింగ్‌ను కొంచెం పైకి లేపాక వణుకు పూర్తిగా పోయింది.

పని మొదలైన నాటి నుంచి బండి నా చేతికి వచ్చేసరికి పద్నాలుగు నెలలు. 1,70,000 అనుకున్నది 3,10,000 అయింది.

నల్లకుంట_ఫియట్
ఇప్పుడు సంతృప్తిగా ఉందా? నిజం చెప్పండి.

ఈకో_పద్మిని
ఉంది. ఏసీ వేసుకుని మే నెలలో అమీర్‌పేట దాటుతాను, ఎక్కడా ఆగలేదు. అయితే ఆ పాత ఇంజిన్ చప్పుడు వినగానే మా వీధి చివర పాలబూత్ అతను నేను వస్తున్నానని గుర్తుపట్టేవాడు. ఇప్పుడు పట్టడు. ఈ మాట మా ఇంట్లో కూడా చెప్పలేదు.

తార్నాక_వైరింగ్
ఎలక్ట్రికల్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. ఇలా మార్చిన బండ్లలో దారిలో ఆగిపోయేవి ఎక్కువగా ఇంజిన్ వల్ల ఆగవు, తీగల వల్ల ఆగుతాయి. తుక్కు బజారులో ఇంజిన్ కొనేటప్పుడు దానితో పాటు అదే బండి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), అదే బండి తాళం చెవి, తీగల కట్ట మొత్తం, ఆక్సిజన్ సెన్సరు, యాక్సిలరేటర్ పెడలు అన్నీ తెచ్చుకోవాలి. తీగలను మధ్యలో కోసి ఇచ్చారంటే ఆ ఇంజిన్ కొనవద్దు. ఒక్కో తీగను వెతికి కలిపే కూలి ఇంజిన్ ధరను మించుతుంది.

రెండో సంగతి పెట్రోలు. ఇంజెక్షన్ ఇంజిన్‌కు దాదాపు 3 బార్ ఒత్తిడితో పెట్రోలు అందాలి. మన పాత పంపు ఇచ్చేది అందులో పదోవంతు ప్రాంతం. కాబట్టి ట్యాంకులో కరెంటు పంపు, ఆ ఒత్తిడికి తట్టుకునే పైపులు, క్లిప్పులు వేయాలి. పాత రబ్బరు పైపునే ఉంచి మామూలు క్లిప్పు బిగించిన ఒక బండిని నేను చూశాను. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చుక్కలుగా పడుతోంది. ఆ రోజు ఏమీ కాలేదంటే అది ఆ ఇంటివాళ్ళ అదృష్టం.

విశ్రాంత_రవాణా
నేను రవాణా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్నకు సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, సీసీ నమోదై ఉంటాయి. 1089 సీసీ అని రాసి ఉన్న బండిలో వేరే కంపెనీ 1196 సీసీ ఇంజిన్ ఉంటే ఆ బండి తన పత్రంతో తానే విభేదిస్తున్నట్టు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా మార్పులు చేయరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అల్వాల్ మిత్రుడి బండిలో అదే సంస్థ అదే మోడల్‌కు పెట్టి అమ్మిన ఇంజిన్ ఉంది, కాబట్టి ఆయన దరఖాస్తుకు ఒక ఆధారం ఉంటుంది. ప్రెసిడెంట్‌కు ఈకో ఇంజిన్ విషయంలో ఆ ఆధారం లేదు.

ఇంకొక ముఖ్యమైన విషయం. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండ్లే ఆ నిర్వచనంలోకి వస్తాయి. మీ బండికి 50 నిండాయి. ఈరోజు అది ఆ గౌరవానికి అర్హమైన బండి. ఇంజిన్ దింపించి వేరేది పెట్టిన రోజున ఆ అర్హత పోతుంది.

ప్రెసిడెంట్73
ఈ చివరి మాట నాకు అసలు తెలియదు. వర్క్‌షాపువాళ్ళను ఆర్‌సీ గురించి అడిగితే, బానెట్ ఎత్తి చూసేవాళ్ళు ఎవరూ ఉండరని చెప్పారు.

విశ్రాంత_రవాణా
రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించేటప్పుడు బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు చూస్తారు. ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే తప్పకుండా ఎత్తి చూస్తారు. ఆ రోజు ఆ వర్క్‌షాపువాళ్ళు మీ పక్కన నిలబడరు.

కూకట్‌పల్లి_కాంటెస్సా
వింటేజ్ రిజిస్ట్రేషన్‌ను అందరూ వరంలా చెబుతున్నారు. దాని షరతులు కూడా చెప్పాలి. కొత్తగా చేయించుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్ళ తరువాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. అది పెద్ద మొత్తం కాదు. కానీ ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ అవసరాలకు నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. ఈయన అమ్మగారిని సూర్యాపేట తీసుకువెళ్ళాలంటున్నారు. అది ర్యాలీ కాదు.

విశ్రాంత_రవాణా
మీరు చెప్పింది నిజమే. ఆయన ఇప్పుడే వింటేజ్ కింద నమోదు చేయించాలని నేను అనడం లేదు. మామూలు ఆర్‌సీ మీదే ఊరికి వెళ్ళి రావచ్చు. రేపు ఆ బండి నడక తగ్గించుకునే వయసు వచ్చినప్పుడు, పాత మూడక్షరాల నంబరుతోనే వింటేజ్‌గా నిలబెట్టుకునే దారి తెరిచి ఉంచుకోమంటున్నాను.

తెల్లపద్మిని
చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, చూశారా? మన నగరంలో అలాంటివి ఉన్నప్పుడు అసలు ఇంజిన్ విలువ ఏమిటో వేరే చెప్పాలా?

ఈకో_పద్మిని
అది సింహాసనంలాంటి బండి, అద్దాల వెనక నిలబెట్టి చూసుకుంటారు. మనవి జనం నడిపిన బండ్లు. నడిస్తేనే వాటికి గౌరవం. ఇంజిన్ బతికి ఉండీ బండి షెడ్డులో తుప్పు పట్టడం కంటే, ఇంజిన్ మారినా బండి రోడ్డు మీద ఉండడమే మేలని నేను నమ్ముతున్నాను. చట్టం గురించి పెద్దాయన చెప్పినది మాత్రం నేను ముందే తెలుసుకుని ఉండవలసింది.

గేరుపళ్ళు
అందరూ ఇంజిన్ దగ్గర ఆగిపోయారు. నాకు గేర్లు, డిఫరెన్షియల్ లెక్క ఇష్టం కాబట్టి ఆ లెక్క చేసి చూశాను.

ప్రెసిడెంట్ టైరు 5.20-14. ఒక చుట్టు తిరిగితే దాదాపు 1.9 మీటర్లు పోతుంది. డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ పళ్ళ నిష్పత్తి 4.3 అనుకుందాం. మీ బండిలో అసలు ఎంతుందో పళ్ళు లెక్కపెట్టి చూసుకోవచ్చు. నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి. గంటకు 70 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 614 సార్లు తిరుగుతుంది, అంటే ఇంజిన్ 2,640 సార్లు. 80లో దాదాపు 3,000. ఈ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చే వేగం దీనికి చాలా పైన ఉంటుంది.

అందుచేత 70 దగ్గరే ఇంజిన్ అరుస్తోందంటే అది గేరు చాలక అరుస్తున్న అరుపు కాదు. ఆరోగ్యంగా ఉన్న 1100 ఇంజిన్ 2,640 దగ్గర పాడుకుంటూ పోతుంది. పొగ, వేడి, చప్పుడు మూడూ కలిపి చూస్తే మీ ఇంజిన్ అరిగిపోయిందనో, దానికి ఊపిరాడడం లేదనో అర్థం. ఐదో గేరు పెడితే ఉదాహరణకు 0.8 నిష్పత్తిలో 80 దగ్గర 2,400కి దిగుతుంది. అది హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ఆ 600 చుట్ల తేడా కోసం ఫ్లోరు మధ్య, గేర్‌బాక్సు మీద ఉబ్బెత్తుగా ఉండే సొరంగం కోయాలి. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. సొరంగం కోసి సరిగ్గా పటిష్ఠం చేయకపోతే కొన్నేళ్ళకు తలుపులు సరిగ్గా పడవు.

అల్వాల్_అంబాసిడర్
ఈ లెక్క చూశాక నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. ఇంకొక మాట కలుపుతాను. కొత్త ఇంజిన్ పెట్టినవాళ్ళు 80 దగ్గర ఆగరు, నేనూ ఆగలేదు. 80 నుంచి 100కు వెళితే వేగం పావువంతే పెరుగుతుంది కానీ, బ్రేకులు మింగవలసిన శక్తి సగానికి పైగా పెరుగుతుంది. మీ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. కాలి బలానికి తోడయ్యే వాక్యూమ్ బూస్టర్ కూడా లేదు. బ్రేకులు మార్చకుండా ఇంజిన్ మార్చే వర్క్‌షాపు కోట్‌ను నేను నమ్మను. ఆ 2 లక్షల్లో బ్రేకులు ఉన్నాయా?

ప్రెసిడెంట్73
లేవు. కాగితం మళ్ళీ చూశాను. ఇంజిన్, గేర్‌బాక్సు, షాఫ్టు, ఏసీ, పెయింటింగ్ మాత్రమే ఉన్నాయి. పెయింటింగ్ నేను అడగలేదు.

నారాయణగూడ_118
ప్రీమియర్ కుటుంబంలోనే ఉండాలనుకుంటే అదే కంపెనీ 118ఎన్ఈ కారు ఇంజిన్ ఒక మధ్యేమార్గం. అది నిస్సాన్ ఏ12, 1171 సీసీ, 52 హార్స్‌పవర్, కార్బొరేటర్‌దే కాబట్టి ఈసీయూ గొడవ లేదు. కానీ విడిభాగాలు ఇప్పుడు దొరకడం 1100 కంటే కష్టంగా ఉంది. నాకు ఒక వాటర్ పంపు కోసం నాలుగు నెలలు పట్టింది.

తెల్లపద్మిని
కరెంటు మోటారు పెట్టించుకోవచ్చు కదా? ఇప్పుడు కిట్లు వస్తున్నాయి.

విశ్రాంత_రవాణా
చట్టం ఆ దారిని తెరిచే ఉంచింది. అయితే కిట్ ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆ మోడల్ బండికి ఆమోదం పొంది ఉండాలి. ఆమోదపత్రంలో మీ మోడల్ పేరు లేకపోతే ఆ కిట్ ఎంత మంచిదైనా ఆర్‌సీలోకి ఎక్కదు.

బాలానగర్_లేత్
బాలానగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఇంజిన్ బ్లాకులు బోర్ చేస్తున్నాను, అంటే అరిగిన సిలిండర్లను కోసి సాపు చేస్తాను. ఈ చర్చ చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఈ నగరంలో పాత ఇంజిన్లను చంపేది ఎండ కాదు, బోరు నీళ్ళు. రేడియేటర్‌లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోస్తారు. ఆ సున్నం, బ్లాకు లోపలి తుప్పు కలిసి అడుగున బురదలా పేరుకుని గట్టిపడతాయి. నీటి పంపు ముందు ఉంటుంది, కాబట్టి నాలుగో సిలిండర్ చుట్టూ ప్రవాహం మందగించి అక్కడే ఎక్కువ పేరుకుంటుంది. ఆ సిలిండర్ వేడెక్కి రింగులు బిగుసుకుంటాయి, నూనె పైకి వచ్చి పొగ వస్తుంది. మెకానిక్ రేడియేటర్ మార్చి, ఫ్యాన్ మార్చి, థర్మోస్టాట్ తీసి పారేసి, చివరికి ఇంజిన్ పాతదైపోయిందంటాడు. బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్ళలు ఉంటాయి. వెనకదాన్ని ఊడదీసి వేలు పెట్టి చూడండి. నీళ్ళు కారితే అదృష్టవంతులు. మట్టి తగిలితే మీ రోగం అదే.

పెట్రోలు పంపు సంగతి కూడా చెబుతాను. పంపు డయాఫ్రం, పైపులు పాత రబ్బరువైతే ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మెత్తబడి ఉబ్బుతాయి. వాటిని కొత్త రకం రబ్బరువి వేయించి, పంపుకూ బ్లాకుకూ మధ్య మందపాటి ఫైబర్ ప్యాకింగ్ పెట్టి, సైలెన్సర్ వైపు ఒక రేకు అడ్డం పెట్టండి. తడిగుడ్డ అవసరం చాలావరకు తగ్గుతుంది.

నల్లకుంట_ఫియట్
2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వస్తోంది. సీసం లేకపోతే పాత వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి, కాబట్టి హెడ్ విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టి లోహానివి వేయించమని కూడా చెప్పండి. చాలామంది ఇది మరచిపోతారు, 20,000 కిలోమీటర్లకే టాపెట్ గ్యాపు కరిగిపోతుంది.

కూకట్‌పల్లి_కాంటెస్సా
అడ్వాన్సు గురించి నా అనుభవం కూడా రాస్తాను. నా కాంటెస్సాకు డీజిల్ ఇంజిన్ పెడతామని ఒక వర్క్‌షాపువారు 60,000 తీసుకుని, మొదటి వారంలోనే ఫ్లోరు కోసేశారు. కోసిన తరువాత బండిని వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు, వాళ్ళకు అది తెలుసు. ఏడు నెలలు ఆ బండి వర్షంలో నిలబడింది. నేను వెళ్ళినప్పుడల్లా ముందు సీటు మీద కొత్తగా ఒక నీటి మడుగు ఉండేది. చివరికి లారీలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరితో చేయించినా, కొత్త ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ మీ కళ్ళ ముందు నేల మీదికి వచ్చాక, అవి స్టార్ట్ అయి ఆడడం మీరు విన్నాక మాత్రమే బండి మీద రంపం పెట్టనివ్వండి.

ప్రెసిడెంట్73
పది రోజులు ఇక్కడికి రాలేదు, క్షమించండి. అడ్వాన్సు ఇవ్వలేదు. మా వీధి మెకానిక్‌తో కంప్రెషన్ కొలిపించాను. ఒకటి నుంచి నాలుగు వరకు వరుసగా 125, 122, 118, 70.

గేరుపళ్ళు
నాలుగోదానిలో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

ప్రెసిడెంట్73
70 నుంచి 105కు వచ్చింది.

నిన్న సాయంత్రం బాలానగర్ ఆయన చెప్పినట్టు వెనక బిళ్ళ ఊడదీశాం. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాక అది పక్కకు తిరిగింది. నీళ్ళు రాలేదు. ఒక్క చుక్క కూడా రాలేదు. లోపల ఎర్రమట్టి ఇటుకలా బిగుసుకుని ఉంది. సైకిల్ చువ్వ వంచి గీకితే పెళ్ళలుగా ఊడి, అరగంట తరువాత ఒక్కసారిగా ఎర్రటి నీళ్ళు దూకి మా మెకానిక్ చొక్కా తడిపేశాయి. తీసిన మట్టి ఒక పెద్ద హార్లిక్స్ సీసా నిండింది. నాన్నగారు యాభై ఏళ్ళు ప్రేమగా పోసిన నీళ్ళే ఇవి. మా ఇంటి వెనక బోరు నీళ్ళు.

బాలానగర్_లేత్
ఆ సీసా పారేయకండి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చూపిస్తాను.

ఇంజిన్ దింపండి. సిలిండర్లు ఎంత అరిగాయో కొలిచి, ఓవర్‌సైజు పిస్టన్లు దొరికితే ఆ సైజుకు బోర్ చేద్దాం, లేకపోతే స్లీవులు వేద్దాం. పిస్టన్లు చేతిలోకి రాకముందు బోర్ చేయించకండి, నన్ను కూడా చేయనివ్వకండి.

ఈకో_పద్మిని
ఖర్చు ఎంతవుతుందో పూర్తయ్యాక తప్పకుండా రాయండి. నా పాత ఇంజిన్ గోనెసంచిలో చుట్టి మేడ మెట్ల కింద ఉంచాను. దాని వెనక బిళ్ళ రేపు నేను కూడా ఊడదీసి చూస్తాను.

నల్లకుంట_ఫియట్
మీరు అమ్మకుండా ఉంచడం మంచిదైంది. ఆ బ్లాకు మీద నంబరు ఇప్పటికీ మీ ఆర్‌సీలో ఉన్న నంబరే.

అల్వాల్_అంబాసిడర్
ప్రెసిడెంట్ గారూ, ఇంజిన్ దింపినప్పుడే నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లు, పైపులు కూడా కొత్తవి వేయించండి. డ్రమ్ములు సరిగ్గా పట్టించి సర్దితే 80 వరకు నమ్మవచ్చు. రేడియేటర్ కోరు కూడా శుభ్రం చేయించి, ఇక నుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకేమీ పోయకండి.

ప్రెసిడెంట్73
అలాగే చేస్తాను. వర్క్‌షాపువాళ్ళకు ఫోను చేసి వద్దని చెప్పాను. ఐదో గేరు ఆశ మాత్రం నాకు పూర్తిగా పోలేదు, ముందు ఈ ఇంజిన్ 80 దగ్గర ఎలా పాడుతుందో విని అప్పుడు ఆలోచిస్తాను. అమ్మకు సీసా చూపించి జరిగినదంతా చెబితే, ఈసారి చౌటుప్పల్ దాటేవరకు తనతో పాటు బస్సు ఛార్జీ డబ్బులు కూడా తెచ్చుకుంటానంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి బ్లాకు, క్రాంకు ఆటోలో వేసుకుని బాలానగర్ వస్తాను.

బాలానగర్_లేత్
పదకొండు దాటాక రండి, పొద్దున పవర్ కట్ ఉంది. క్రాంకుతో పాటు మెయిన్ బేరింగ్ క్యాపులన్నీ తేవాలి. విప్పేముందు ఏది ఎక్కడిదో, ఏ వైపు ముందుకు ఉందో పంచ్‌తో గుర్తు పెట్టమని మీ మెకానిక్‌కు చెప్పండి. అవి తారుమారైతే క్రాంకు తిరగదు.